గోడ తట్టి చూశాక

దుబాయ్‌లోని సత్వాలో వైఫై రౌటర్ కొనాలనుకునేవాళ్లకు నేనిచ్చే మొదటి సలహా, దుకాణానికి వెళ్లేముందు ఇంట్లో గోడ తట్టి చూడమని. డొల్లగా మోగితే అది జిప్సం బోర్డు, దాంతో పెద్ద పేచీ లేదు. చప్పుడు రాకుండా వేలి కణుపు మాత్రం నొప్పెట్టిందంటే అది సిమెంటు దిమ్మల గోడ. అలాంటివి రౌటరుకీ మీ మంచానికీ మధ్య రెండున్నాయంటే, రౌటర్ మీద ఎంత తగలేసినా ఒకటే. ఈ సలహా ఇంతవరకూ ఎవరికీ నచ్చలేదు. ఏ మోడల్ తీసుకోవాలో చెప్పమని వచ్చినవాడిని వెళ్లి గోడ తట్టమంటే ఎందుకు నచ్చుతుంది?

సత్వా అంటే జుమేరా తీరానికీ షేక్ జాయెద్ రోడ్డు మీది అద్దాల మేడలకీ మధ్య మిగిలిపోయిన పాతపేట. దర్జీ కొట్లు, మొక్కలమ్మే వీధి, కారు సీట్లకు తొడుగులు కుట్టేవాళ్లు, 1978 నుంచి పొయ్యి ఆరని రవి రెస్టారెంట్. వెనక సందుల్లోకి వెళితే ఒంటి అంతస్తు విల్లాలు. మధ్యలో వాకిలి, చుట్టూ గదులు, తర్వాత్తర్వాత అవసరం కొద్దీ అతికించిన మరికొన్ని గదులు. 2008లో జుమేరా గార్డెన్ సిటీ పేరుతో ఈ ప్రాంతమంతా కొత్తగా కడతామన్నారు. కొన్ని ఇళ్లు కూల్చారు కూడా. అంతలో ఆర్థిక మాంద్యం వచ్చిపడి ఆ పథకం ఆగిపోయింది. మిగిలిన విల్లాల్లో దేశదేశాల వాళ్లతో పాటు మనవాళ్లూ సర్దుకున్నారు. జగిత్యాల, నిజామాబాద్ అన్నలు, ఇళ్లలో పనికి వచ్చిన కోనసీమ, కడప అక్కలు.

ఇంటింటికీ ఫైబర్ చేరిన దేశాల లెక్క తీస్తే యూఏఈ ఏళ్ల తరబడి ముందు వరసలోనే ఉంటోంది. కాబట్టి సత్వా విల్లాకి కూడా గుమ్మం దాకా గాజు తీగ వస్తుంది. సముద్రాల కింద నుంచి వచ్చిన మాట గుమ్మం పక్కన టీవీ వెనక ఉన్న డబ్బాలోకి క్షేమంగా దిగుతుంది. అక్కడి నుంచి వెనక గదిలోని మంచం దాకా ఉన్న పదిహేను అడుగులే దాటలేదు.

మామూలు రోజుల్లో ఈ సంగతి ఎవరికీ పట్టదు. పట్టేది రాత్రి ఎనిమిదిన్నరకి. పని నుంచి వచ్చి, స్నానం చేసి, కూర పొయ్యి మీద పెట్టేసరికి ఆ వేళవుతుంది. మనకి అప్పుడు ఎనిమిదిన్నరైతే ఊళ్లో పది. ఇంకాస్త ఆలస్యమైతే పిల్లలు నిద్రపోతారు. అందుకని ఇంట్లో ఉన్నవాళ్లంతా ఆ ఒక్క గంటలోనే ఫోన్లు పట్టుకుంటారు. ఇక్కడ వాట్సాప్‌లో సందేశం వెళుతుంది గాని మాట కలవదు. అందుకే అందరి ఫోన్లలోనూ కాల్స్‌కి అనుమతి ఉన్న బోటిమ్ యాప్ ఉంటుంది. ఒక వీడియో కాల్‌కి సెకనుకు ఒకటి రెండు మెగాబిట్లు నిలకడగా అందితే చాలు. గుమ్మం దగ్గర డబ్బాలోకి వచ్చి పడేవి ఏ రెండొందల యాభయ్యో, అయిదొందలో. అంటే లోటు వేగానిది కాదు. అయినా బొమ్మ ఆగిపోయిన ప్రతిసారీ మనవాళ్లు చేసేది ప్యాకేజీ పెంచడం. నెలనెలా బిల్లు పెరుగుతుంది, వెనక గది ఎప్పటిలాగే ఉంటుంది.

ప్యాకేజీ పెంచి విసిగినవాళ్లు తర్వాత రౌటర్ మీద పడతారు. బర్ దుబాయ్‌లో ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డు మీది కంప్యూటర్ దుకాణాలకు వెళ్లి, ఉన్నవాటిలో భయంకరంగా కనబడేదాన్ని ఎంచుకుంటారు. ధర్మపురి దగ్గరి తమ్ముడొకడు తెచ్చినదాన్ని చూసి నేను రెండడుగులు వెనక్కి వేశాను. "అన్నా, ఎనిమిది కొమ్ములది తెచ్చిన. ఇల్లంత వస్తదని డబ్బ మీద రాసిండ్రు. వంటింట్లకు పోతె మాత్రం బొమ్మ కదుల్తలేదే!" అన్నాడు.

డబ్బా మీద రాసినవాడు ఆ వంటిల్లు చూడలేదు. గోడ చేసే పని లెక్కగా చెబితే ఇలా ఉంటుంది. గట్టి సిమెంటు గోడ దాటేసరికి తరంగం బలం పది డెసిబెల్స్ పోయిందనుకుందాం. పది పోవడమంటే పదో వంతు మిగలడం. రెండో గోడ దాటితే ఆ పదో వంతులో మళ్లీ పదో వంతు. నూరింట ఒకటి. పోనీ రౌటర్ బలాన్ని రెట్టింపు చేశామనుకోండి, తిరిగొచ్చేది మూడు డెసిబెల్స్, గోడ మింగినదాంట్లో మూడో వంతుకు కాస్త తక్కువే. పైగా ఎంత బలంతో ప్రసారం చేయాలో కంపెనీవాడి ఇష్టం కాదు. ఏ దేశానికా దేశం పరిమితి పెట్టింది. యూరప్‌లో 2.4 గిగాహెర్ట్జ్ మీద అది 100 మిల్లీవాట్లు. చవక రౌటరైనా ఖరీదైనదైనా ఆ గీత దాటకూడదు. ఎక్కువ కొమ్ములున్నది ఒకేసారి ఎక్కువ పాయలుగా సమాచారం పంపగలదు, ఫోను ఉన్న వైపు కొంచెం గురిపెట్టగలదు. అంతేగాని గోడలు బద్దలు కొట్టలేదు.

ఇంకో సంగతుంది, దీన్ని అమ్మేవాళ్లు ఎత్తరు. వైఫై రెండు వైపులా నడిచే సంభాషణ. పెళ్లిపందిట్లో మైకు పట్టుకున్నాయన మాట చివరి వరస దాకా వినబడుతుంది, చివరి వరసలో వాడు అడిగింది మాత్రం ఆయనకి వినబడదు. ఫోనుది ఆ చివరి వరస గొంతు. దాని బ్యాటరీ చిన్నది, యాంటెన్నా చిన్నది. రౌటర్ అరుపు ఫోనుకు వినబడి తెర మీద గీతలు నిండుగా కనబడినా, ఫోను జవాబు రౌటర్ దాకా రాకపోతే కాల్ నిలవదు. ఫుల్ సిగ్నల్ ఉంది గాని మాట పోవడం లేదు అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

డబ్బా మీది అంకెల గురించి ఒక్క మాట. ఏఎక్స్ 3000 అని ఉంటే 3000 మెగాబిట్లు వస్తాయని కాదు. 2.4 గిగాహెర్ట్జ్ మీద 574, 5 గిగాహెర్ట్జ్ మీద 2402, రెండూ కూడి గుండ్రం చేశారు. ఒక ఫోను మామూలుగా ఒకేసారి రెండు పట్టీల మీదా కూర్చోదు. ఆ 2402 కూడా ప్రయోగశాల లెక్క. చాలా ఫోన్లు దాంట్లో సగం దగ్గరే ఆగుతాయి.

పట్టీల ఎంపికలో సత్వాకి దాని చిక్కులు దానికున్నాయి. 2.4 తరంగం గోడని కాస్త మెరుగ్గా దాటుతుంది, కానీ అక్కడ జనం ఎక్కువ. ఒకదాన్నొకటి తొక్కకుండా ఇమిడే ఛానళ్లు అందులో మూడే: 1, 6, 11. ఏ సందులోనైనా ఫోనులో వైఫై జాబితా తెరిస్తే చూపుడు వేలికి నొప్పెట్టేంత పొడుగుంటుంది. ఫిలిప్పీన్స్ పేర్లు, ఉర్దూ పేర్లు, నడుమ ఒక జై బాలయ్య, దానికి జవాబుగా పక్కింటి జై చిరంజీవ. వీళ్లందరూ ఆ మూడు ఛానళ్లలోనే ఇరుక్కోవాలి. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ ఆ చుట్టుపక్కలే. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, అయితే గోడ దగ్గర అది ఇంకా తొందరగా అలసిపోతుంది. కొత్తగా వచ్చిన 6 గిగాహెర్ట్జ్ మరీ సుకుమారం, అది ఉన్న గదిలోనే ఉంటుంది. నేను వైఫై 6 రౌటర్ చాలంటాను. వైఫై 7 కొనగలిగినవాళ్లు కొనుక్కోవచ్చు, వెనక గదికి మాత్రం దానివల్ల ఒరిగేది లేదు.

గోడలు కాక ఇంట్లో మనం తెచ్చి పెట్టుకున్న అడ్డంకులు వేరే ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి వేసిన ఇనుప మంచాలు, ఇనుప బీరువాలు, ఫ్రిజ్, నిలువుటద్దం. లోహం తరంగాన్ని తిప్పికొడుతుంది. నీళ్లు మింగేస్తాయి. మనిషి ఒళ్లు చాలావరకు నీళ్లే గనక ఆదివారం అందరూ ఇంట్లో ఉన్నప్పుడు ఆ మేరకు మనమూ అడ్డమే. వీటన్నిటికన్నా నాకు ముచ్చటేసేది కిటికీల సంగతి. వాకిలి మధ్యలో ఉన్న ఇళ్లలో ముందు గది కిటికీ నుంచి వెనక గది కిటికీకి, గోడల జోలికి పోకుండా, వాకిలి మీదుగా తిన్నగా దారి ఉంటుంది. మామూలు కిటికీ అద్దం వైఫైకి పెద్ద అడ్డం కాదు. కానీ ఎండ భరించలేక మనవాళ్లు ఆ అద్దాలకి రొట్టెలు చుట్టే వెండి కాగితం అతికిస్తారు. ఎండతో పాటు వైఫై కూడా బయటే ఆగిపోతుంది. అమలాపురం వైపు అక్క ఒకావిడ గదిలో ఆ కాగితం తీసి మందపాటి పరదా కట్టించాను. "అబ్బాయ్, బొమ్మ వత్తంది గానీ గది కుంపటైపోయిందయ్యా" అంది. ఆవిడన్నదీ నిజమే. మర్నాడు కాగితం మళ్లీ ఎక్కింది.

అలాంటి చోట చాలామంది కొనేది రిపీటర్. అది పనికిరాని వస్తువేమీ కాదు, పెట్టే చోటే తప్పు. సిగ్నల్ రాని గదిలో పెడతారు. తనకే వినబడనిదాన్ని అదేం తిరిగి చెబుతుంది? దారి మధ్యలో, సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెట్టాలి. ఆండ్రాయిడ్ ఫోనులో సిగ్నల్ కొలిచే యాప్ వేసుకుని ఇల్లంతా తిరిగితే అంకెలు కనబడతాయి. మైనస్ 60 దగ్గర ఉంటే భేషు. మైనస్ 80కి జారితే కాల్ తెగిపోయే దశ. రిపీటర్‌కి మైనస్ 60 చిల్లర దొరికే చోటు కావాలి. అప్పుడు కూడా ఒకే రేడియోతో వింటూ, మళ్లీ చెబుతూ ఉంటుంది కనక వేగం సగానికి సగం పోతుంది. మెష్ అని అందమైన తెల్ల డబ్బాలు జతగా అమ్ముతున్నవీ గాలిలోనే మాట్లాడుకుంటే ఈ లెక్కకు లోబడినవే. తమలో తాము మాట్లాడుకోవడానికి మూడో రేడియో విడిగా ఉన్నవి నయం, వాటి ధరా అలాగే ఉంటుంది.

నా ఓటు వైరుకి. వైర్‌లెస్ బాగుండాలంటే వైరు లాగాలనడం పేచీకోరుతనంగా వినిపిస్తుందని తెలుసు. కానీ మామూలు క్యాట్ 6 కేబుల్ 100 మీటర్ల దాకా గిగాబిట్ వేగాన్ని తరుగు లేకుండా మోస్తుంది. సత్వాలో ఏ విల్లా అంత పొడవుండదు. ఆ కేబుల్ కొసన వెనక గదిలో ఒక యాక్సెస్ పాయింట్ పెడితే రెండు గోడలూ లెక్కలోంచి తప్పుకుంటాయి. దానికి కొత్తది కొనక్కర్లేదు. కిందటిసారి మార్చేసిన రౌటర్ మంచం కింద చెప్పుల మధ్య ఉంటుంది. దాన్ని తీసి తుడిచి, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఆపేసి, అసలు రౌటర్ చిరునామాతో తగువు రాకుండా దాని చిరునామా మార్చి, కేబుల్‌ని వ్యాన్ రంధ్రంలో కాకుండా ల్యాన్ రంధ్రంలో గుచ్చాలి. పేరూ పాస్‌వర్డూ రెండింటికీ ఒకటే పెట్టి, ఛానళ్లు మాత్రం వేరు చేయాలి. ముందు గదిలోది 1 మీద ఉంటే ఇది 11 మీద. ఇండియా నుంచి తెచ్చిన డబ్బా అయితే ఇక్కడి మూడు బల్లపరుపు పుల్లల సాకెట్‌కి అడాప్టర్ వెతుక్కోవాలి.

కేబుల్ పోవడానికి దారేది అంటారు. పాత విల్లాల్లో కిటికీ ఏసీలుంటాయి, వాటి పక్కన స్పాంజి కుక్కిన సందుంటుంది. గోడకి చిల్లు పెట్టకుండా అందులోంచి బయటికి తీసి, వాకిలి గోడ వెంట పీవీసీ పట్టీలో నడిపి, అవతలి గది ఏసీ సందులోంచి లోపలికి తేవచ్చు. ఎండ తగిలే చోట బయటి వాడకానికి చేసిన నల్ల తొడుగు కేబులే వాడాలి. ఇంట్లో వాడేది ఈ ఎండకి పెళుసెక్కి చిట్లిపోతుంది.

2025 జూన్‌లో దుబాయ్ మున్సిపాలిటీ గదుల్ని బోర్డులతో ముక్కలు చేసిన, అనుమతి లేని పార్టిషన్ల మీద విరుచుకుపడింది. రిగ్గా, మురక్కబాత్, బర్షా, రఫాలతో పాటు సత్వా కూడా ఆ జాబితాలో ఉంది. బోర్డులు ఊడబీకిన గదుల్లో నెట్ బాగా వస్తుందని ఆశపడ్డవాళ్లున్నారు. వైఫై ఆ బోర్డులను ముందునుంచీ పెద్దగా లెక్కచేయలేదు, అవి పోయినంత మాత్రాన అది కొత్తగా సంతోషించలేదు. దిమ్మల గోడలు ఎక్కడివక్కడే ఉన్నాయి. తేడా వచ్చింది తలకింత పంచుకునే బిల్లులోనే, పంచుకునేవాళ్లు తగ్గారు.

బిల్లు సంగతి వచ్చింది గనక చెప్పాలి, వైరుతో ఉన్న అసలు ఇబ్బంది అక్కడే ఉంది. ఎనిమిది కొమ్ముల రౌటర్ కొన్నవాడు గది మారితే దాన్ని చంకనబెట్టుకుని పోతాడు. వాకిలి గోడకి కొట్టిన కేబుల్‌ని ఎవడు పీక్కుపోతాడు? అందుకే వైరు మాట ఎత్తగానే గదిలో అందరూ ఫోన్లలోకి తలలు దించుతారు. ధర్మపురి తమ్ముడి గదిలో మొన్న ఈ పంచాయితీ రాత్రి పదిన్నర దాకా నడిచింది. పైసలందరూ వేసుకోవాలన్నది ఖాయమైంది. వచ్చే నెల ఊరికి పోతున్న ఒకాయన మాత్రం, "నేను పోయినంక నా మంచం మీదికి వచ్చెటోడు నా వాటా ఇయ్యాలె, ముందుగాల గది తేల్చుండ్రి" అని పట్టుబట్టాడు. కేబుల్ చుట్ట ఇంకా దుకాణం సంచిలోనే ఉంది.