పాత వ్రాతలు - క్రొత్త యంత్రము

పాత కంప్యూటరులోని వ్రాతలను క్రొత్తదానిలోనికి చేర్చుట నేడు గడియసేపటి పని. తెలుగు వ్రాతలకు మాత్రము ఒక చిక్కు కలదు. కంప్యూటరు దాచునది అక్షరములను కాదు, అంకెలను. పాత తెలుగు వ్రాతలలో ఏ యంకె యే యక్షరమో తెలుపునది ఫాంటు. పూర్వము ఒక్కొక్క ఫాంటుది ఒక్కొక్క లెక్క. ఆ ఫాంటును పాత యంత్రములోనే విడిచి వచ్చినచో, తాతగారు శ్రమించి టైపు చేయించిన వంశచరిత్ర క్రొత్త తెరపై ఆంగ్లాక్షరముల కలగాపులగముగా కానవచ్చును. వ్రాత చెడలేదు, తాళపుచెవి మాత్రమే పోయినది!

1991లో వెలువడిన యూనికోడు తెలుగునకు 128 స్థానములు కేటాయించెను. అందు 'అ' యే యంత్రమున నైనను 'అ'యే. కావున పాతదానిని అమ్మివేయక మునుపే ఫాంటును వెంట తెచ్చుకొని, వ్రాతలను యూనికోడులోనికి మార్చి, అచ్చుతీసి తాతగారికి చూపవలెను. మార్పిడిలో ఒత్తులు తారుమారైనచోట, అది యే యూరి పేరో ఆయనయే చెప్పగలరు.