కోసి మళ్ళీ అతికిన బ్రాకెట్టు

గుడిలో వడ్డించే ముసలాయనకు బండి కింద ఏం పని అని నవ్వకండి. ఈసారి ఇనుము గురించి రాస్తున్నాను. ఈ పని మీద నాకు కొన్ని మంచి తెలుగు మాటలు దొరికాయి. అవి మీకూ పనికొస్తాయి. ఒక తప్పు కూడా చేశాను. అదీ చెప్పాలి.

మాది దక్షిణాఫ్రికాలో డర్బన్‌కు ఉత్తరాన ఉన్న టొంగాట్. చుట్టూ చెరకు తోటలు. మా ముత్తాత ఆ చెరకు కోసమే ఓడెక్కి వచ్చాడు. నాయన చక్కెర మిల్లు వర్క్‌షాపులో ఇనుము కొట్టాడు. నేను ఇంగ్లీషు బడిలో చదివి, ఒక ఆఫీసులో యంత్రాల బొమ్మలు గీసి రిటైరయ్యాను. నేను గీస్తే వేరేవాళ్ళు చేసేవాళ్ళు. నా చేతులతో చేసింది తక్కువ. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు ముందు అవసరం.

మా గుడికి ఒక పాత ల్యాండ్‌క్రూజర్ 75 ఉంది. వెనక తొట్టి ఉన్న బండి. ఇక్కడ అలాంటి బండిని బక్కీ అంటాం. మా పూజారిగారు విజయవాడ నుంచి వచ్చిన కొత్తలో ఈ మాట విని, "ఇంత లావు బండి బక్కదెలా అయింది?" అని నవ్వారు.

2022 ఏప్రిల్ వరదలు మీకు గుర్తుండే ఉంటాయి. మా రాష్ట్రంలో నాలుగు వందల మందికి పైగా పోయారు. టొంగాట్‌లో నీటిశుద్ధి కేంద్రం దెబ్బతిని నెలల తరబడి కుళాయిల్లో నీళ్ళు రాలేదు. ఆ రోజుల్లో మా బక్కీ రోజూ నీళ్ళు మోసింది. వెయ్యి లీటర్ల నీళ్ళంటే ఒక టన్ను బరువు. కొట్టుకుపోయిన రోడ్ల మీద, ఎండ్వెడ్వే కొండల మీద, అన్నం గుండిగలతో, నీళ్ళ ట్యాంకుతో తిరిగింది. ఆ ఏడు చివరికి ముందు ఎడమవైపు కమాను కట్టలో పెద్ద ఆకు విరిగింది.

కమాను కట్ట. ఈ మాట పూజారిగారు చెప్పారు. ఆయన మేనమామ లారీ నడిపేవాడట. విజయవాడ ఆటోనగర్‌లో అందరూ అలాగే అంటారట. విల్లులా వంగిన ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన స్ప్రింగు అది. యాక్సిల్‌ను ఇరుసు అంటారని కూడా ఆయనే చెప్పారు. ఆ మాట నాకు తెలుసు. ఎడ్లబండి పాఠంలో చదివాను. మన బండికీ అదే మాట అని మాత్రం నాకు తట్టలేదు.

కొత్త కమాను కట్ట వేస్తే సరిపోయేది. మా తమ్ముడి కొడుకు ఒప్పుకోలేదు. వాడు కాలేజీలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. "పెదనాయనా, ముందు ఇరుసుకి కాయిల్ స్ప్రింగులు పెడదాం" అన్నాడు. వాడు మాట్లాడేదంతా ఇంగ్లీషే, పెదనాయనా అన్నది ఒక్కటే తెలుగు. మిగిలింది నేను తెలుగులో రాస్తున్నాను. వాడు చెప్పిందీ నిజమే. ఈ బరువు మోసే 70 శ్రేణి బళ్ళకు కంపెనీయే 1999లో ముందు కాయిల్ స్ప్రింగులు పెట్టింది. వెనక మాత్రం కమాను కట్టలే ఉంచింది. గుంతల రోడ్డు మీద కాయిల్ మెత్తగా ఉంటుంది. స్టీరింగ్ చేతిని కొట్టదు.

కానీ ఒక చిక్కుంది. కమాను కట్ట ఒక్కటే చాలా పనులు చేస్తుంది. బరువు మోస్తుంది. ఇరుసు ముందుకూ వెనక్కీ పోకుండా పట్టుకుంటుంది. పక్కకు జరగనివ్వదు. బ్రేకు వేసినప్పుడు ఇరుసు మెలి తిరగకుండా ఆపుతుంది. కాయిల్ స్ప్రింగుకు బరువు మోయడం ఒక్కటే తెలుసు. కట్ట తీసేస్తే మిగతా పనులన్నిటికీ వేరే మనుషుల్ని పెట్టాలి. ఇరుసు నుంచి వెనక్కి వెళ్ళి చాసిస్‌ను పట్టుకునే రెండు రేడియస్ ఆర్ములు కావాలి. పక్కకు జరగకుండా అడ్డంగా ఒక పానార్డ్ కడ్డీ కావాలి. ఆ పానార్డ్ కడ్డీ, స్టీరింగ్ అడ్డకడ్డీ ఒకే వాలులో, దాదాపు ఒకే పొడవులో ఉండాలి. లేకపోతే గుంతలో దిగినప్పుడల్లా బండి తనంతట తానే తిరుగుతుంది. వీటన్నిటికీ చాసిస్ మీద, ఇరుసు మీద బ్రాకెట్లు కావాలి. అవి మేమే చేసుకోవాలి.

2023 జనవరిలో మా గరాజులో మొదలుపెట్టాం. ఉగాది మార్చి 22న. ఆ రోజు కొండ మీది ఊళ్ళకు భోజనం తీసుకెళ్తామని నేను కమిటీకి మాటిచ్చాను.

ముందు అట్టముక్కలతో మూసలు చేశాం. మూస అంటే నమూనా, దాన్ని చూసి అసలుది కోస్తాం. అట్ట సరిగ్గా కూర్చున్నాక ఆ గీతల మీద ఆరు మిల్లీమీటర్ల ఉక్కు పలక కోశాం. అంచులు ఆకురాయితో నునుపు చేశాం. ఆకురాయి అంటే ఇనుమును అరగదీసే పనిముట్టు. మా నాయన పెట్టెలో అలాంటివి ఎనిమిది ఉన్నాయి. ఇన్నేళ్ళూ వాటి తెలుగు పేరు తెలియకుండా వాడాను.

స్ప్రింగు కింద కూర్చునే గిన్నె ఇరుసు మీద, పైన కూర్చునే గిన్నె చాసిస్ మీద. బండి తన బరువు మీద నిలబడినప్పుడు ఆ రెండూ ఒకదాని మీద ఒకటి నిటారుగా రావాలి. స్ప్రింగు లేకుండా జాకీతో ఇరుసును పూర్తిగా పైకెత్తి, పూర్తిగా కిందికి దించి, ఏది దేనికి తగులుతుందో చూశాం. చాసిస్ లోపల బోలుగా ఉంటుంది. బోల్టు బిగిస్తే గోడలు లోపలికి నొక్కుకుపోతాయి. అందుకని బోల్టు పోయే చోట లోపల ఉక్కు గొట్టం పెట్టి అతికాం. ఇవన్నీ అబ్బాయి చెప్పినవే. నేను బొమ్మలు గీశాను.

వెల్డింగ్ మాత్రం నేనే చేస్తానన్నాను. మా నాయన వెల్డర్ల మధ్య బతికాడు, నేను చూసి నేర్చుకున్నాను అన్నాను. నా దగ్గర ఇంటి కరెంటు మీద నడిచే చిన్న మిగ్ యంత్రం ఉంది. అబ్బాయి చూసి, "పెదనాయనా, ఆరు మిల్లీమీటర్ల పలకకు ఈ యంత్రం వేడి చాలుతుందా?" అని అడిగాడు. "నువ్వు పుట్టకముందు నుంచీ చూస్తున్నాను" అన్నాను. వాడు ఇంకేం మాట్లాడలేదు. మన ఇళ్ళల్లో పిల్లలు పెద్దవాళ్ళతో అంతకంటే మాట్లాడరు.

అతుకు చూడడానికి చాలా అందంగా వచ్చింది. గవ్వలు వరసగా పేర్చినట్టుంది. ఫొటో తీసి తమ్ముడికి పంపాను.

వాడు పరీక్షలకు హాస్టల్‌కు వెళ్ళిపోయాడు. మొదట చుక్కలు మాత్రమే పెట్టి, బండిని బరువు మీద నిలబెట్టి, కొలిచి, ఆ తరువాతే పూర్తిగా వెల్డ్ చేయమని చెప్పి వెళ్ళాడు. నాకు ఉగాది తొందర. జాకీ మీద ఉండగానే, ఎత్తు అంచనా వేసి, పూర్తిగా అతికేశాను.

బండి దించాక చూస్తే ముందువైపు అనుకున్నదానికంటే నలభై మిల్లీమీటర్లు ఎత్తుగా నిలబడింది. స్ప్రింగులు కొంచెం గట్టివి పడ్డాయి. చూడడానికి బాగానే ఉంది, ఠీవిగా ఉంది. రోడ్డెక్కించాను. అరవై కిలోమీటర్ల వేగంలో మలుపు తిరిగి స్టీరింగ్ వదిలితే అది వెనక్కి రాలేదు. తిన్నని రోడ్డు మీద కూడా బండి అటూ ఇటూ వెతుక్కుంటున్నట్టు పోయింది.

కారణం నాకు వెంటనే తెలిసింది, బొమ్మలు గీసినవాణ్ణి కదా. ముందు చక్రం తిరిగే కీలు పైభాగం కొంచెం వెనక్కి వాలి ఉండాలి. దాన్ని క్యాస్టర్ కోణం అంటారు. సైకిలు ముందు ఫోర్కు వాలు లాంటిది. ఆ వాలు వల్లే స్టీరింగ్ తనంతట తాను మధ్యకు వస్తుంది. మాకు మూడు డిగ్రీలు కావాలి. మా ఆర్ము పొడవు సుమారు తొమ్మిది వందల మిల్లీమీటర్లు. చాసిస్ నలభై మిల్లీమీటర్లు లేస్తే ఆర్ము వెనక కొస కూడా అంతే లేస్తుంది, ఇరుసు పైభాగం ముందుకు ఒరుగుతుంది. అక్కడికి రెండున్నర డిగ్రీలు పోయాయి. మిగిలింది అర డిగ్రీ.

ఇంటికొచ్చి గేటు వేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. వెనక నీళ్ళ ట్యాంకు పెడితే బండి వెనక్కి కుంగి ముక్కు పైకి లేస్తుంది, కోణం కాస్త సర్దుకుంటుంది అనుకున్నాను. లెక్క ప్రకారం అది నిజమే. అయితే తిరిగి వచ్చేటప్పుడు ట్యాంకు ఖాళీ. తొట్టిలో మా గుడి పిల్లలు కూర్చుంటారు. కొండ దిగాలి. ఇది కూడా నాకు తెలుసు. తెలిసీ రెండు రోజులు ఊరుకున్నాను. ఉగాదికి ఇంకా పది రోజులుంది.

మూడో రోజు రాత్రి అబ్బాయికి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. నువ్వు చెప్పిన వరస నేను పాటించలేదు అని కూడా చెప్పాను. వాడు కోప్పడలేదు. కోణం సరిచేసే బుష్‌లు దుకాణంలో దొరుకుతాయి, అవి వేస్తే చాలు, కోయనక్కర్లేదు అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. కాసేపు ఆగి వాడు మెల్లగా అడిగాడు. "పెదనాయనా, ఎలాగూ విప్పుతాం కదా. ఒక్క అతుకు కోసి చూద్దామా?"

నాకు ఇష్టం లేదు. అందమైన అతుకు అది. కానీ రెండోసారి వాడి నోరు మూయించడానికి నాకు ముఖం లేదు.

శనివారం వాడు వచ్చాడు. గ్రైండర్‌తో కుడివైపు ఆర్ము బ్రాకెట్టు అతుకును అడ్డంగా కోసి, ఆకురాయితో నునుపు చేసి చూశాం. పైన గవ్వలు బాగానే ఉన్నాయి. కింద ఒక సన్నని నల్లగీత ఉంది. నా అతుకు పలక మీద కూర్చుంది, పలకలోకి దిగలేదు. వేడి చాలలేదు. అబ్బాయి ఉలి పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టాడు. బ్రాకెట్టు ఊడి నేల మీద పడింది.

ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కొండ దిగుతూ బ్రేకు వేసినప్పుడు ఆ బ్రాకెట్టే ఇరుసును పట్టుకోవాలి. బుష్‌లు వేసి ఊరుకుని ఉంటే ఆ నల్లగీత ఎవరికీ కనిపించేది కాదు.

నేను కమిటీ దగ్గరికి వెళ్ళి బండి ఉగాదికి సిద్ధం కాదని చెప్పాను. ఎందుకు కాదో కూడా చెప్పాను. ఉగాది రోజు రెండు అద్దె బళ్ళలో భోజనం వెళ్ళింది. కొండ మీద చివరి ఊరికి ఆ బళ్ళు ఎక్కలేకపోయాయి. గుడివాళ్ళు గుండిగలు చేతుల మీద మోశారు. వాళ్ళలో నేనూ ఉన్నాను. పచ్చడిలో వేపపువ్వు ఆ రోజు నాకు ఎక్కువగానే తగిలింది.

తరువాత నా అతుకులన్నీ కోసేశాం. ఆర్ము బ్రాకెట్లు కొత్తవి చేశాం, వెనక కొస నలభై మిల్లీమీటర్లు కిందికి వచ్చేలా. ఈసారి పలకల అంచులు ఏటవాలుగా అరగదీశాం. చుక్కలు పెట్టి, బండి దించి, తొట్టిలో బరువు పెట్టీ తీసీ కొలిచాం. మూడు డిగ్రీలకు కొంచెం తక్కువ వచ్చింది, అది చాలు. నాయనతో పనిచేసిన ఒక పాత వెల్డర్‌ను పిలిచాం. ఆయన పెద్ద యంత్రం తెచ్చాడు. 3.15 మిల్లీమీటర్ల కడ్డీతో, 110 ఆంపియర్లతో అతికాడు. అది నా అతుకంత అందంగా లేదు. పనికిరాని ముక్క మీద ఒక అతుకు వేయించి, కోసి చూశాం. నల్లగీత లేదు. చివరికి ఒక ఇంజినీరుకు చూపించి సంతకం తీసుకున్నాకే బండి గుడికి వెళ్ళింది. ఇప్పటికీ అదే కొండ ఎక్కుతోంది, దిగుతోంది.

ఊడిపడిన ఆ బ్రాకెట్టు మా గరాజు గోడకు వేలాడుతోంది. అబ్బాయి పారేయమన్నాడు. నేను పారేయలేదు.

ఈసారి మాటలు: కమాను కట్ట, ఇరుసు, మూస, ఆకురాయి, అతుకు. చివరి మాట బట్టకూ, ఇనుముకూ, విరిగిన ఎముకకూ కూడా చెల్లుతుందని పూజారిగారు చెప్పారు. మీ ఇళ్ళల్లో వీటికి వేరే మాటలుంటే రాయండి.

ఇంకొక్క మాట. నా తెలుగులో తప్పులుంటాయి. "పెద్దాయన, ఏం చెబుతాంలే" అని ఊరుకోకండి. చెప్పండి. ఈసారి వింటాను.