కారులో మీగడ రంగు

సంక్రాంతికి గోడలకని అనకాపల్లిలో రంగు డబ్బా కొన్నాం. చోడవరం వచ్చేలోగా మావాడు వెనక సీట్లో మూత తీసి చూశాడట. తలుపు లోపలి ప్లాస్టిక్ మీద చిందింది. రెండ్రోజులు చెప్పలేదు. నా గాజులు తాకట్టు పెట్టి కొన్న కారు కదా, భయపడ్డాడు.

"థిన్నర్ పెట్టి తుడిచెయ్యమ్మా" అన్నారు అత్తయ్య. సీటు కింద కనబడని చోట చుక్క పెట్టి చూశాను. ప్లాస్టిక్ జిగురైపోయింది. నయం, తలుపు మీద పెట్టలేదు!

సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో గుడ్డ తడిపి పది నిమిషాలు కప్పి ఉంచాం. పాత ఏటీఎం కార్డుతో మెల్లగా గీకితే పొరలుగా లేచింది. గరుకులో ఇరుక్కున్నదానికి తలుపులన్నీ తెరిచి, దూదితో శానిటైజర్ అద్ది, మెత్తని టూత్‌బ్రష్‌తో రుద్దాం. అదీ ముందు సీటు కింద చూశాకే. నీళ్లలో కలిపే ఎమల్షన్ కాబట్టి వచ్చింది. గేటుకేసే ఎనామిల్ అయితే ఇంత సులువు కాదు.

బియ్యపుగింజంత మచ్చ మిగిలింది. ఆదివారం ఆయన చూడనే చూశారు.

"ఇదేంటి?"

నేను నోరు తెరిచేలోగా మావాడే అన్నాడు, "నేనే నాన్నా."