పెరుగు గిన్నెలో ఇచ్చిపుచ్చుకోళ్ళు

ఏమండీ, భోజనాలయ్యాయా? చివర్లో పెరుగు వేసుకున్నారా, లేక ఈ మధ్య అందరిలాగే డైటింగ్ అంటూ మజ్జిగతో సరిపెట్టారా? పప్పు, కూర, పులుసు ఎన్ని వడ్డించినా పెరుగన్నంలో ఆవకాయ ముక్క నంజుకుంటే గానీ మనకు చెయ్యి కడగబుద్ధి కాదు కదా. అంత ఇష్టమైన పెరుగు గురించి ఇంట్లో మాట్లాడుకునేది ఎంత? తోడుకుందా, లేదా. పులిసిందా, లేదా. అంతే! రాత్రంతా ఆ గిన్నెలో ఎంత వ్యవహారం నడిచిందో ఒక్కరూ అడగరు. నా ఫిర్యాదు అదే. మీరు అడగకపోయినా సరే, నేను చెప్పేస్తాను. కాస్త ఇటు జరగండి.

ముందు ఆ గిన్నెలో ఎవరున్నారో చూద్దాం. పెరుగు చుక్కని గాజు పలక మీద పల్చగా పూసి, ఆరనిచ్చి, మిథిలీన్ బ్లూ రంగు వేసి కడిగి, మైక్రోస్కోపు కింద వెయ్యి రెట్లు పెద్దది చేసి చూడాలి. మీ వీధిలో మైక్రోబయాలజీ చదివే పిల్లలుంటే పట్టుకోండి, వాళ్ళకిది చిటికెలో పని. మొదట లేత నీలం మరకలు కనిపిస్తాయి. అవి పాలలోని మాంసకృత్తులు. వాటి మధ్యన ముదురు నీలంలో రెండు ఆకారాలు. ఒకటి గుండ్రంగా, చిన్నగా, జంటలు జంటలుగా, కొన్నిచోట్ల గొలుసు కట్టి ఉంటుంది. రెండోది పొడుగ్గా, సన్నగా, కడ్డీ ఆకారంలో. మొదటిది స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్. రెండోది లాక్టోబాసిల్లస్ బల్గేరికస్. కబుర్లలో ప్రతిసారీ అంత పొడుగు పేర్లెందుకు గానీ, గుండ్రయ్య, పొడుగయ్య అనుకుందాం. ఏమంటారు?

డబ్బాల్లో అమ్మే యోగర్ట్‌లో ఈ ఇద్దరూ ఉండి తీరాలి. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం అలాగే రాసింది. గ్రాముకి కనీసం కోటి సూక్ష్మజీవులు బతికి ఉండాలని కూడా రాసింది. కోటి! చెంచాడు పెరుగు నోట్లో వేసుకున్నప్పుడు ఆ లెక్క ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మన ఇంటి పెరుగులో అయితే వీళ్ళతో పాటు చుట్టాలూ పక్కాలూ బోలెడుమంది ఉంటారు. వాళ్ళ సంగతికి తరవాత వస్తాను.

ఇప్పుడు అసలు ముచ్చట. పాలలో తిండికి లోటేముంది? లీటరు ఆవు పాలలో లాక్టోజ్ అనే చక్కెర 45, 50 గ్రాముల దాకా ఉంటుంది. కానీ చక్కెరొక్కటీ తిని ఎవరు ఎదుగుతారు చెప్పండి? అమైనో ఆమ్లాలు కావాలి. పాల నిండా కేసీన్ అనే మాంసకృత్తు ఉంది, నిజమే. అయితే అది మింగుడుపడనంత పెద్దది. గుండ్రయ్య జాతిలో చాలామందికి దాన్ని తుంచే ఎంజైము లేదు. పొడుగయ్యకుంది, అదీ ఒంటి మీదే, బయటి గోడకే అంటిపెట్టుకుని! కేసీన్ తగిలితే చాలు, ముక్కలు ముక్కలు చేసేస్తాడు. తనకి కావలసినవి తీసుకోగా మిగిలినవి పాలలో తేలుతుంటాయి. గుండ్రయ్య వాటిని ఏరుకుంటాడు.

మరి గుండ్రయ్య ఊరికే తీసుకుంటాడా? వాడూ ఇస్తాడు. పొడుగయ్య తన డీఎన్ఏకి కావలసిన ప్యూరిన్లు తయారు చేసుకోవాలంటే ఫార్మిక్ ఆమ్లం ఉండాలి. దాన్ని సొంతంగా చేసుకునే శక్తి లేదు పాపం. గుండ్రయ్య చేసి బయటికి వదిలేస్తాడు. ఫోలిక్ ఆమ్లమూ ఇస్తాడు. పాలలో కాస్తో కూస్తో ఉండే యూరియాని విరగ్గొట్టి కార్బన్ డై ఆక్సైడ్ వదులుతాడు, అదీ పొడుగయ్యకి పనికొచ్చేదే. పాలలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ని కూడా గుండ్రయ్యే ముందుగా ఖర్చు పెట్టేస్తాడు. పొడుగయ్యకి ఆక్సిజన్ పెద్దగా గిట్టదు మరి. పక్కపక్క ఇళ్ళవాళ్ళు ప్రహరీ గోడ మీదుగా కూర గిన్నెలు అందించుకోవడం చూశారుగా, సరిగ్గా ఆ వ్యవహారమే!

ఈ ఇద్దరినీ విడదీసి వేరువేరు పాలలో వేసి చూశారు శాస్త్రవేత్తలు. ఒక్కొక్కరే ఉంటే తోడుకోవడానికి చాలాసేపు పడుతుంది. కలిపి, 42, 43 డిగ్రీల వేడిలో ఉంచితే నాలుగు గంటల్లో గట్టి పెరుగు! ఆ కమ్మటి పులుపు గుండ్రయ్యదా, పొడుగయ్యదా అంటే ఏం చెప్తాం? తాజా పెరుగు మూత తియ్యగానే ముక్కుకి తగిలే ఆ వాసనుందే, అది ముఖ్యంగా ఎసిటాల్డిహైడ్‌ది. దాన్ని ఎక్కువగా చేసేది పొడుగయ్యే. కానీ గుండ్రయ్య ముందు దారి వెయ్యకపోతే ఆయనగారు అంత జోరుగా పెరగడు.

సెలవు రోజున పగటిపూట తోడు పెట్టి చూడండి, భలే కాలక్షేపం. వేలు పెడితే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. అంత వేడి పాలలో అర చెంచా పెరుగు వేసి కలిపి, మూత పెట్టి, తువాలు చుట్టి ఓ మూల పెట్టండి. మొదటి గంట పైకి ఏమీ తెలియదు. గిన్నె వంచితే పాలు పాలే. లోపల మాత్రం గుండ్రయ్య పరుగులు పెడుతుంటాడు. మొదట్లో ఎదుగుదలంతా వాడిదే. రెండో గంటకి చెంచా ముంచి నాలిక మీద వేసుకుంటే చిన్న మార్పు, తీపి మీద సన్నటి జివ్వు. పాల పీహెచ్ 6.6 నుంచి దిగుతోందన్నమాట. ఆ పులుపు పెరిగేకొద్దీ గుండ్రయ్యకి ఊపిరాడదు, నెమ్మదిస్తాడు. పొడుగయ్య పులుపుకి గట్టివాడు, ఇక పగ్గాలు ఆయనవి. పీహెచ్ 4.6 దగ్గరకి వచ్చేసరికి కేసీన్ రేణువుల్ని ఒకదాన్నుంచి ఒకటి దూరంగా ఉంచిన విద్యుదావేశం చల్లారిపోతుంది. అవి ఒకదాన్నొకటి అంటుకుని వలగా అల్లుకుంటాయి. నీళ్ళూ కొవ్వూ ఆ వలలో చిక్కుకుపోతాయి. గిన్నె వంచి చూస్తే కదలదు! దయచేసి అప్పుడు మాటిమాటికీ కుదపకండి, వల తెగి నీళ్ళు ఊరతాయి. ఆ నీళ్ళు పారబోస్తారా? అయ్యో, అందులో ఎంత బలం ఉందండీ. పిండిలో కలపండి.

ఫ్రిజ్‌లో పెట్టినా మూడు రోజులకి ఎందుకు పులుస్తుందని మా పక్కింటి పిన్నిగారు అడుగుతుంటారు. పొడుగయ్య చలిలో కూడా పూర్తిగా నిద్రపోడు పిన్నిగారూ. నెమ్మదిగానైనా ఆమ్లం చేస్తూనే ఉంటాడు. పులిసిన పెరుగుని తోడుకి వాడితే కొత్త పెరుగులో మొదటినుంచీ పొడుగయ్యల వాటా ఎక్కువై, త్వరగా పులుపెక్కుతుంది. అందుకే తోడుకి కమ్మటిదే తీసిపెట్టాలి.

ఇక చుట్టాల సంగతి. వేడి మారితే గిన్నెలో పెత్తనం మారుతుంది. రెంటచింతల ఎండల్లో వంటింటి గట్టు మీద పెట్టిన పాలు గుండ్రయ్య, పొడుగయ్యలకి స్వర్గం. లంబసింగి చలిలో పెట్టండి, ఇద్దరూ ముడుచుకుని కూర్చుంటారు. 30 డిగ్రీల ప్రాంతంలో లాక్టోకాకస్, ల్యూకోనోస్టాక్ అనే చుట్టాలకి హుషారు. వాళ్ళలో కొందరు పాలలోని సిట్రేటుని డైఎసిటైల్‌గా మార్చి వెన్న వాసన తెప్పిస్తారు. అదే తోడు, అవే పాలు. ఒక గిన్నె వెచ్చటి హాట్‌ప్యాక్‌లోనూ ఇంకో గిన్నె బయట గట్టు మీదా పెట్టి, రెండూ తోడుకున్నాక పక్కపక్కన రుచి చూడండి. ఇంత తేడానా అంటారు, పందెం! అమెరికాలో మనవాళ్ళు చలికాలం ఒవెన్‌లో దీపం వేసి గిన్నె పెట్టేది గుండ్రయ్య, పొడుగయ్యల కోసమే. బియ్యం డబ్బాలో గిన్నె దాచే అత్తగార్లదీ అదే ఎత్తు.

పాలు బాగా మరగనివ్వమని పెద్దవాళ్ళు చెప్పడం విన్నారుగా? పిడకల దాలిలో పొద్దస్తమానం సన్నసెగన కాగి, ఎర్రబారి, వేలు మందాన మీగడ కట్టిన పాలు తోడుపెట్టిన పెరుగు... అబ్బ, తలుచుకుంటేనే ఆకలి. ఆ సెగకి చాలా పనులు జరుగుతాయి. పాలలో కరిగిన ఆక్సిజన్ పోతుంది. పాలవిరుగుడు మాంసకృత్తులు విప్పుకుని కేసీన్‌కి అతుక్కుంటాయి, పెరుగు గట్టిగా వస్తుంది. ఇంకో చిత్రం, బాగా కాచినప్పుడు లాక్టోజ్ కొద్దిగా విరిగి ఫార్మిక్ ఆమ్లం పుడుతుంది. పొడుగయ్య అడిగేది అదేగా! గుండ్రయ్య ఇచ్చేలోపే పొయ్యి కొంత ఇచ్చేసిందన్నమాట.

ఒక్కోసారి ఎంత తోడు వేసినా పాలు పాలుగానే ఉంటాయి. వేడి సరిపోలేదనో, తోడు పాతదనో అనుకుంటాం. అయితే గేదెకి జబ్బుచేసి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేశాక ఆ పాలు పిండినా అంతే. గుండ్రయ్యకి పెన్సిలిన్ అంటే అసలు తట్టుకోలేనంత భయం. వాడు పోతే పొడుగయ్యా కుంటుపడతాడు.

ఈ పొడుగయ్యని మొదట చూసిందెవరో తెలుసా? స్టామెన్ గ్రిగొరోవ్ అని బల్గేరియా కుర్రాడు. 1905లో జెనీవాలో వైద్యం చదువుతూ తమ దేశపు పెరుగుని పరీక్షించి కనిపెట్టాడు. గుండ్రయ్యకి ఆ పేరు పెట్టింది డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్లా యెన్సెన్, 1919లో. ఇంతకీ మొట్టమొదటి తోడు ఎక్కడిదంటారు? బల్గేరియా వాళ్ళు చెట్లూ చేమలూ గాలించి, ఆకుల మీదా కొమ్మల మీదా ఈ ఇద్దర్నీ పట్టుకున్నారు. మనవాళ్ళు తోడు లేనప్పుడు గోరువెచ్చటి పాలలో మిరపకాయ తొడిమలు వెయ్యరూ? తొడిమ మీద కాపురముండే లాక్టిక్ బాక్టీరియా చలవే అది. బల్గేరియాలోనే కొన్నిచోట్ల పాలలో ఎర్ర అడవి చీమల్ని వేసి, గిన్నెని చీమల పుట్టలో ఉంచి తోడుపెట్టేవారట! ముఖం అలా పెట్టకండి. ఆ చీమల ఒంట్లో ఉండేది ఏమనుకున్నారు? ఫార్మిక్ ఆమ్లమే. వాటితో పాటు లాక్టిక్ బాక్టీరియా కూడా.

చెట్టు మీద బతికినవాడు పాలలో కాపురం పెడితే ఏమవుతుందో వీళ్ళ జన్యువుల్లో రాసుంది. 2004లో గుండ్రయ్య జన్యువులన్నీ చదివారు. పదింట ఒకటి పాడుబడ్డ జన్యువే! పాలలో లాక్టోజ్ పుష్కలంగా ఉంటే రకరకాల చక్కెరలు తినే సరంజామా దేనికి? వదిలేశాడు. వాడి దగ్గరి చుట్టాల్లో గొంతు నొప్పి, న్యుమోనియా తెప్పించేవాళ్ళున్నారు. ఆ రోగాల సామాను కూడా వీడి దగ్గర చాలావరకు చెడిపోయింది. 2006లో పొడుగయ్యని చదివితే అక్కడా ఇదే వరస, జన్యువులు ఊడిపోతూ ఉన్నాయి. నాకు అన్నిటికన్నా ముచ్చటేసింది ఇంకోటి. గుండ్రయ్య జన్యువుల్లో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తయారీకి సంబంధించిన ఒక ముక్క పొడుగయ్య దానికి దాదాపు అచ్చు. కొన్ని వేల ఏళ్ళు ఒకే గిన్నెలో ఉన్నారు కదా, తిండే కాదు, జన్యువు కూడా చేతులు మారింది!

వీళ్ళకి శత్రువులూ ఉన్నారు. ఫేజులనే వైరస్‌లు. డెయిరీ ట్యాంకులోకి ఇవి దూరితే గుండ్రయ్యలు గుంపులు గుంపులుగా చచ్చిపోతారు, వేల లీటర్ల పాలు తోడుకోకుండా మిగిలిపోతాయి. డానిస్కో కంపెనీలో ఫిలిప్ హోర్వాత్, రోడోల్ఫ్ బరాంగూ బృందం గుండ్రయ్య మీదికి ఫేజుల్ని వదిలి, బతికి బయటపడ్డవాళ్ళని పరీక్షించింది. వాళ్ళ డీఎన్ఏలో ఆ వైరస్ ముక్క ఒకటి కొత్తగా చేరి కనిపించింది. మళ్ళీ అదే వైరస్ వస్తే గుర్తుపట్టి నరికేస్తారు. ఆ ముక్క తీసేస్తే రక్షణ పోతుంది. 2007లో సైన్స్ పత్రికలో వచ్చిన ఈ సంగతే, క్రిస్పర్ అనే ఆ రక్షణ కథలో పెద్ద మలుపు. ఆ కథే ముందుకు సాగి జన్యువుల్ని కత్తిరించే పనిముట్టయింది. దానికి ఎమ్మాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నాలకి 2020లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. వాళ్ళు వాడిన కత్తెర ఎవరిదంటారా? గుండ్రయ్య చుట్టాల్లో గొంతు నొప్పి తెప్పించేవాడున్నాడని చెప్పానే, వాడిది!

ఇంకా ఇడ్లీపిండి మొదలే పెట్టలేదు. మినప్పప్పుతో వచ్చే ల్యూకోనోస్టాక్ గాలి వదిలి పిండిని పొంగిస్తే, ఆ వెనక ఇంకొకళ్ళొచ్చి పులుపెక్కిస్తారు. అక్కడి జట్టు వేరు, లెక్కలు వేరు. దానికి మాత్రం పొద్దున టిఫిన్ వేళకి రండి.