ఇనుపదారియు ప్రజల లెక్కయు

రైలుబండి కూత వినబడినంతనే పిల్లలు వీధిలోనికి పరుగెత్తుదురు. పెద్దలు సయితము చేతిపని యాపి తలయెత్తి చూతురు. మేమును ఆ మోహమునకు లోనైనవారమే. ఏర్గట్ల ప్రాంతమువారికి ఈ ముచ్చటతోపాటు నిరీక్షణమును కలసివచ్చినది. పెద్దపల్లి–నిజామాబాదు మార్గమునకు 1993లో శంకుస్థాపన జరుగగా, మోర్తాడు మీదుగా నిజామాబాదునకు బండి నడచుట 2017లోగాని సమకూడలేదు. ఆనాడు పుట్టిన బిడ్డ చదువు ముగించి ఉద్యోగము వెదకునాటికి బండి వచ్చినది!

ఈ సీమలో ఇనుపదారి కథ మాత్రము ప్రాతది. 1874లో వాడినుండి సికింద్రాబాదునకు బండి నడిచెను. 1901 నాటికి గోదావరీలోయ మార్గము ఇందూరు, అనగా నేటి నిజామాబాదు, మీదుగా మన్మాడును కలిపెను. పిదప జానకంపేటనుండి బోధనునకు శాఖ వెడలెను. మూడవతరగతి పెట్టెలో కూలియు రైతును ఒక్కబల్లపై కూర్చుండిరి, టిక్కెట్టు కులమడుగలేదు. ఉపన్యాసములు చేయజాలని పని కొంత ఆ బల్ల చేసినది. రైలుపై మనకుగల మక్కువకు ఇదియు నొక కారణము.

అయినను మక్కువ లెక్కను మరపింపరాదు. 1883లో చాందా రైలుమార్గమునకై హైదరాబాదు ప్రభుత్వము ఒడంబడికకు పూనుకొనగా, దాని షరతులు ప్రజలయెదుట ఉంచవలెనని కొందరు విద్యావంతులు కోరిరి. వారిలో ముఖ్యులు సరోజినీనాయుడుగారి తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయులు. అందులకు వారిని రాజ్యమునుండి వెడలగొట్టిరి. తరువాత ఏర్పడిన కంపెనీ మూలధనముపై 20 సంవత్సరములు నూటికి 5 వంతున ఖజానా పూచీపడెను. బండి నిండినను నిండకున్నను వాటాదారునకు వడ్డీ తప్పదు. ఆ సొమ్ము రైతు శిస్తుకాక మరేమి? 1930లో రాజ్యము ఆ రైలును తిరిగి కొనెను. అడిగినవానిని వెడలగొట్టినంతమాత్రమున అడిగిన ప్రశ్న వెడలిపోదు.

బోధను చెప్పు పాఠము వేరొకటి. 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. చెరకు పండించిన చేతులకు పట్టాలు మాత్రమే కూడుపెట్టజాలవు. దారి యుండుట యొకటి. ఆ దారిని పంపుటకు సరకును, సరకునకు ధరయు నుండుట మరియొకటి.

కావున చదువరులారా, పిల్లలను స్టేషనునకు తీసికొనిపోయి బండి చూపుడు. వారి సంబరమున పాలుగొనుడు. ఇంటికి వచ్చిన పిదప, దీని ఖర్చెవరిది, ఫలమెవరిదని యడుగుటయు నేర్పుడు. సంబరపడువాడు ప్రయాణికుడు, లెక్కయడుగువాడు పౌరుడు. మన యింటిబిడ్డ యిద్దరును కావలెను.