మందమర్రి లాన్సర్‌కు షార్జా సామాను!

ఫారిన్ ట్రిప్పు అంటే మన సినిమాల్లో లెక్క ఒకటే కదండీ! హీరోకు తెల్ల ప్యాంటు, హీరోయిన్‌కు టోపీ, వెనకాల ఒక ఫౌంటెను, అయిదు నిమిషాల డ్యూయెట్టు! మందమర్రి వాళ్ళ ఫారిన్ మాత్రం వేరు. ఈ బొగ్గుబావుల ఊళ్ళోనూ, అటు జగిత్యాల, కరీంనగర్ పల్లెల్లోనూ ఫారిన్ అంటే దుబాయే. మస్కట్ పోయినా, షార్జా పోయినా 'దుబాయ్ పోయిండు' అనే అంటారు. 2025 జనవరిలో నేనూ అలాగే దుబాయ్ పోయాను. కాకపోతే పనికి కాదు, షికారుకు! షార్జాలో ఏసీలు రిపేరు చేసే మా మేనబావ పది రోజులు వచ్చి ఉండమన్నాడు. అందరూ ఆ షికారులో సెంటు సీసాలు కొంటారు. నేను కారు సామాను కొనడానికి బయల్దేరాను.

ఏ కారనుకున్నారు? మా నాన్న కేకే-5 గనిలో పనిచేసి రిటైరయ్యాక, వచ్చిన డబ్బులో కొంత పెట్టి సెకండ్‌హ్యాండులో కొన్న మిత్సుబిషి లాన్సర్! చూడ్డానికి బుద్ధిమంతురాలైన సెడాన్. కానీ దాని వంశం తెలిస్తే మీరు లేచి నిలబడతారు. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 1998 నుంచి మద్రాసు దగ్గర తిరువళ్ళూరులో తయారుచేసిన ఈ లాన్సరూ, ప్రపంచ ర్యాలీల్లో దుమ్ము రేపిన లాన్సర్ ఇవల్యూషన్ 4, 5, 6 రకాలూ ఒకే తరం బండి మీద పుట్టినవి. ఫిన్లాండ్ వీరుడు టామీ మాకినెన్ 1996 నుంచి 1999 దాకా వరుసగా నాలుగేళ్ళు ప్రపంచ ఛాంపియన్ అయింది ఇవల్యూషన్‌లోనే. జాకీ చాన్ అభిమానులకు 'హూ యామ్ ఐ' (1998) గుర్తుండాలి. అందులో ఛేజింగ్‌లో దూసుకుపోయే బండీ ఇదే ఇల్లు. మరి మా బండి? అక్క రెండు లీటర్ల టర్బో ఇంజనుతో నాలుగు చక్రాలూ తిప్పేస్తుంటే, చెల్లెలు లీటరున్నర ఇంజనుతో మంచిర్యాల దాకా పోయి కూరగాయలు తెస్తుంది!

అసలు చిక్కు ఏమిటంటే, మన దేశంలో ఆ బండి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. సామాను దొరకడం కష్టం. రిజిస్ట్రేషన్‌కు పదిహేనేళ్ళు దాటిన కారును అయిదేళ్ళకోసారి ఫిట్‌నెస్‌కు చూపించాలి. మా బండి స్టీరింగేమో కొంచెం ఆడుతోంది. బొగ్గు టిప్పర్లు ఎదురొచ్చే రోడ్డు మీద స్టీరింగ్ ఆడితే నవ్వులాట కాదు. ఫిట్‌నెస్ రాకపోతే బండి షెడ్డులోనే. నాన్న ఒక కాగితం రాసిచ్చాడు: టై రాడ్ ఎండ్లు, ర్యాక్ రబ్బరు బూట్లు, ముందు స్ట్రట్ మౌంటింగులు. పక్కన పార్టు నంబర్లు. కింద ఒక గీత గీసి, 'ఇవి తప్ప ఏం తేకు' అని రాశాడు. ఆ గీత కింద నా మనసులో ఇంకో జాబితా ఉంది... రెకారో సీటు, మోమో స్టీరింగు!

ఇక షార్జా ఇండస్ట్రియల్ ఏరియా గురించి చెప్పాలి. ఏ సినిమావాడూ అక్కడ పాట తీయలేదేమో గానీ, తీస్తే ఆర్ట్ డైరెక్టరుకు పనే ఉండదు. సందు వెంట సందు పాత కార్ల సామానే! ఒక దుకాణం ముందు ఇంజన్లు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. ఇంకో దాంట్లో తలుపులు పుస్తకాల్లా వరుసగా నిలబెట్టి ఉంటాయి. జపాన్ నుంచి వచ్చిన బండ్లను మధ్యకు కోసి ముందు సగం అమ్ముతారు. దాన్ని 'హాఫ్ కట్' అంటారు. అమ్మేవాళ్ళలో పఠాన్లు, పాకిస్తానీలు, మలయాళీలు, బంగ్లా వాళ్ళు. అందరితో నడిచే భాష ఉర్దూ. మన తెలంగాణ ఉర్దూకు అక్కడ భలే గిరాకీ! 'హౌ', 'నక్కో' అనేసరికి ఒక పఠాన్ ముసలాయన 'హైదరాబాదీ?' అని నవ్వి టీ తెప్పించాడు. మందమర్రి అని చెబితే ఆయనకేం తెలుస్తుంది, హైదరాబాదే అని ఒప్పేసుకున్నాను.

బావకు వారానికి ఒక్కటే సెలవు. ఆ ఒక్క రోజూ నాతో ఆ సందుల్లో తిరగడానికే పెట్టాడు. నిజానికి ఆ వారం దుబాయ్ ఆటోడ్రోమ్‌లో 24 గంటల రేసు. సికింద్రాబాద్‌లో పుట్టిన మన అజిత్, 'ప్రేమ పుస్తకం' (1993) హీరో, పోర్షే నడిపి ప్రాక్టీసులో గోడకు గుద్దుకుని కూడా క్షేమంగా దిగాడు. రేసులో అతని జట్టు తమ వర్గంలో మూడోది! ఊరంతా ఆ ముచ్చటే. మేం మాత్రం రబ్బరు బూట్ల వేటలో ఉన్నాం.

ఇక్కడ కుర్రకారుకు నాలుగు మాటలు చెప్పాలి. మిత్సుబిషి పాత పార్టు నంబర్లు 'ఎమ్‌డీ', 'ఎమ్‌బీ', 'ఎమ్మార్' లాంటి అక్షరాలతో మొదలవుతాయి. మోడల్ పేరు చెబితే దుకాణంవాడు ఏదో ఒకటి చేతిలో పెడతాడు. నంబరు చెబితేనే సరైనది తీస్తాడు. అక్కడ బండి కుడిపక్కన నడుస్తుంది, స్టీరింగ్ ఎడమవైపు. కాబట్టి స్టీరింగ్ ర్యాకూ, డ్యాష్‌బోర్డూ చూసి ముచ్చటపడటమే! అన్నిటికన్నా అసలైన మెలిక హెడ్‌లైట్లది. చూడ్డానికి అచ్చం మనవే. కానీ వాటి వెలుగు కుడివైపుకు లేస్తుంది. మన రోడ్డు మీద అది ఎదురొచ్చేవాడి కళ్ళలో కొడుతుంది. బ్రేకు ప్యాడ్లు, హోస్ పైపులు, సీటు బెల్టులు పాతవి కొనకూడదు, ఎంత చవకైనా సరే. ఎయిర్‌బ్యాగు విమానంలో ఎక్కనివ్వరు, దాంట్లో మందు ఉంటుంది. ఇవల్యూషన్ చక్రానికి అయిదు బోల్టులు, మన లాన్సర్‌కు నాలుగు. ఇంజనే మార్చేద్దాం అంటారా? తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే తేల్చింది.

అయినా ఆ సీటు కనబడింది! ఇవల్యూషన్ సిక్స్ రెకారో. ఎర్ర గుడ్డ, నడుము దగ్గర గట్టిగా పట్టే రెక్కలు. కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, కళ్ళు మూసుకుంటే గాంధారి ఖిల్లా మలుపులు కనబడ్డాయి. బేరం తెగింది కూడా. ధర బావ వారం జీతానికి కాస్త అటూ ఇటూ.

"తీస్కో బామ్మర్దీ, పైసల్ తర్వాత చూస్కుందాం" అన్నాడు బావ. మాట అన్నాడు గానీ చూపు సీటు బరువు మీద ఉంది.

విషయం అర్థమైందనుకుంటాను. టికెట్‌పై సామాను ముప్ఫై కిలోలు. బావ గదిలో మంచం కింద ఒక అట్టపెట్టె అప్పటికే కట్టి ఉంది. వాళ్ళమ్మకు రెండు పొరల మెత్తటి దుప్పటి, పిల్లకు బూట్లు, పాలపొడి, ట్యాంగు, కీళ్ళ నొప్పులకు నూనె. రెండేళ్ళుగా ఊరికి రాని మనిషి, తన బదులు ఆ పెట్టెను పంపుతున్నాడు. ఒక్కమాట కూడా 'నాది తీసుకుపో' అనలేదు. సీటు పదిహేను కిలోల పైమాటే. రెండూ పట్టవు.

పఠాన్ ముసలాయన టీ గ్లాసు కడుగుతూ మా ఇద్దరినీ చూస్తున్నాడు. నేను సీట్లోంచి లేచాను. "నడుం నొప్పి లేస్తది బావా, మంచిగ లేదు" అన్నాను.

"అబద్దం" అన్నాడు బావ.

మర్నాడు దేరాలో కొత్త సామాను దుకాణంలో నాన్న కాగితం మీదున్నవన్నీ దొరికాయి. అన్నీ కలిపి చిన్న సంచిలో ఇమిడిపోయాయి. శంషాబాద్‌లో కస్టమ్స్ ఆయన పెట్టె తెరిపించాడు. దుప్పటి మధ్యలోంచి టై రాడ్ బయటికొస్తే అనుమానంగా తిప్పి తిప్పి చూశాడు. బిల్లు చూపించాను. 2016 నిబంధనల్లో సుంకం లేని పరిమితి యాభై వేల రూపాయలు. ఇలాంటి పరిమితులు మారుతుంటాయి, మీరు పోయేముందు చూసుకోండి. నా బిల్లు అందులో మూలకు కూడా రాలేదు.

నాన్న నంబర్లు ఒక్కొక్కటే కాగితంతో సరిచూసి, రబ్బరు బూటు వేళ్ళతో నొక్కి చూసి, "ఒరిజినలే" అన్నాడు. రెండో రోజుకల్లా స్టీరింగ్ బిగిసింది. వారం తిరక్కుండా ఫిట్‌నెస్ కాగితం చేతికొచ్చింది.

ఆ రాత్రి బావ ఫోను. "బండి పాసయ్యిందా?"

"అయ్యింది బావా. స్టీరింగ్ ఇప్పుడు కత్తి లెక్కుంది."

"గది సరే గనీ, అమ్మ దుప్పటి కప్పుకున్నదా?"

"లేదు. మడత విప్పలే. నువ్వొచ్చినంక విప్పుతదట."