రౌతునకు కొలతలు

జీను గుఱ్ఱపు వీపునకు సరిపోకున్నచో జీనుదే లోపమందురు. దానిని విప్పి, లోపలి ఉన్నిని తీసి మఱల కూర్చి, వీపు ఒఱసికొనకుండ సవరింతురు. గుఱ్ఱమును చిక్కింపుడని యెవ్వరును చెప్పరు. ఆ జీనుపై కూర్చుండు మనుష్యునకు లాగు సరిపోకున్నచో మాత్రము లాగును తప్పుపట్టువారు లేరు. మనుష్యునే ఆపాదమస్తకము చూచి, "ముందు కాస్త ఒళ్లు తగ్గించుకోండి" అని హితబోధ చేయుదురు. స్థూలకాయులకు స్వారి దుస్తులు దొరకుట, దొరకకపోవుట అను ప్రసంగము చదువరులలో కొందఱకు నవ్వు పుట్టింపవచ్చును. ఆ నవ్వు ఎంత పని చేయునో చూచితిమి గనుకనే ఈ వ్యాసము వ్రాయుచున్నారము.

మేము బషీర్‌బాగులో నివసించుచున్నారము. పేరునకిది తోట. ఇప్పుడు తోటయు లేదు, తోటలోని మేడయు లేదు. 1887లో హైదరాబాదు రాజ్యమునకు ప్రధానమంత్రియైన పాయగా ప్రభువు ఆస్మాన్ జాకు బషీరుద్దౌలా యనియు బిరుదు. ఆయన సౌధము కూలినను దాని పేరు పేటకు నిలిచినది. అచ్చటినుండి నాలుగడుగులు వేసిన ఫతే మైదానము. 1687లో గోలకొండను ముట్టడించిన ఔరంగజేబు సేనలు అచ్చట విడిసెనని చెప్పుదురు. నిజాముల కాలమున అది పోలో ఆటస్థలము. 1967లో దానికి లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టిరి. నేడు మా ప్రాంతమువారు గుఱ్ఱమును చూడవలెనన్న పోలీసు అశ్వశాలకో, మలక్‌పేట పందెపు మైదానమునకో, లేక నగరము వెలుపలి స్వారిబడులకో పోవలెను. ఏడాదికొకమాఱు గణేశ నిమజ్జనము నాడు మాత్రము గుఱ్ఱములే మా కడకు వచ్చును.

అట్టి యొక నిమజ్జనము నాడు మా మేనకోడలు పోలీసు గుఱ్ఱము మెడను నిమిరినది. మా యింటనే యుండి నారాయణగూడలో ఇంటరు చదువుచున్న పదునేడేండ్ల పిల్ల. మా వంశపు ఒడ్డు పొడవు ఆమెకు సంపూర్ణముగా సంక్రమించినది. స్వారి నేర్చుకొందునని పట్టుపట్టినది. ఆదివారములందు నేర్పు బడి యొకటి విచారించి తీసికొనిపోతిమి.

అచ్చటి గురువు మొట్టమొదట ఆమెను తూచెను. నవ్వలేదు. గుఱ్ఱపు బరువులో ఐదవవంతునకు మించి, జీనుతో గూడ, దానిపై మోపరాదని నేటి పశువైద్యులు పలువురు చెప్పుదురు. కొందఱు అంతకంటె తగ్గింతురు. పందెములు మానిన మేలుజాతి గుఱ్ఱము 450 మొదలు 500 కిలోల వఱకు తూగును. కావున జీనుతో కూడి 90 మొదలు 100 కిలోలు దాని హద్దు. మా పిల్ల 84 కిలోలు, జీను 8. బడిలోని పదునొకండు గుఱ్ఱములలో నాలుగు ఆమెను మోయగలవు, ఏడు మోయలేవు. అంతటితో లెక్క ముగిసినది. ఆ హద్దునకు మించిన బరువుగలవారు ఎక్కరాదు. వారి మనసు నొచ్చునని ఆ సంగతి దాచుట నోరులేని జంతువునకు ద్రోహము. కాని ఇందు అవమానమెక్కడ నున్నది? బస్తాలు బండికెత్తువాడు చేయు కూడికయే యిది.

అవమానము అంగడిలో నెదురైనది. స్వారి సామగ్రి అమ్ము అంగడి యది. పేరు చెప్పము. లాగులు వరుసగా వ్రేలాడుచుండెను. ఉన్నవానిలో అన్నింటికంటె పెద్దది ఆమె మోకాలు దాటి తొడకెక్కలేదు. నడుమునకు సరిపోవునని మగవారి లాగు తెచ్చిరి. అది కాళ్ళయందు గోనెసంచివలె మడతలు పడినది. బూట్లు చూపుమంటిమి. పిక్కల యొద్ద మూడు వ్రేళ్ళ వెడల్పు నోరు తెఱచుకొని నిలిచినవి. అంగడివాడు పిల్లను చూడక మా వైపు తిరిగి, "ఈ సైజు అమ్మాయిలకు రాదు సార్. గుర్రం పాపం కదా!" అని నవ్వెను. ప్రక్కనున్న యిద్దఱు గూడ నవ్విరి. పిల్ల యేమియు ననలేదు. ఇంటికి వచ్చు దారిలో, "మామయ్యా, ఆదివారాలు చదువుకుంటాను. పరీక్షలు దగ్గరకొస్తున్నాయి" అన్నది. పరీక్షలకు అప్పటికి ఏడు నెలలున్నవి. గుఱ్ఱమునకు వెఱవని పిల్ల లాగునకు వెఱచినది.

భాష నేర్పి బ్రదుకువారము గనుక ఆ రాత్రి మాకొక మాట తోచినది. పోతన భాగవతములో గజేంద్రుడు తనకు లేదని వాపోయిన 'లావు' బలము. పూర్వకవులు లావు గలవాడన్న శక్తిమంతుడని యర్థము. అదే మాట నేడు వీధిలో తిట్టు. మాట యర్థము మాఱుట సహజమే. కాని ఆ బలమును మోయుచున్న శరీరమును గూడ మన మిట్లే చూడ మఱచితిమేమో యని సందేహము కలిగినది. ఆ పిల్ల నీళ్ళబిందె నెత్తుకొని రెండంతస్తులు ఆగకుండ ఎక్కగలదు. ఎక్కలేని వారెవ్వరును ఆమెవలె నవ్వులపాలు కాలేదు.

విచిత్రమేమనగా, ఈ స్వారి లాగు పుట్టినది మన దేశముననే. తొడల యొద్ద వెడల్పై, మోకాటినుండి చీలమండ వఱకు చుడీదారువలె బిగిసియుండు లాగునకు సీమలో 'జోధ్‌పుర్' అని పేరు. జోధ్‌పురమునకు చెందిన సర్ ప్రతాప్ సింగు 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవమునకు పోయినపుడు తన లాగులతో సీమవారి కన్నులను కట్టివేసెనని ప్రసిద్ధి. ఆయన సామాను దారిలో పోయినందున అక్కడి దర్జీలచేత కుట్టింపవలసివచ్చెననియు, వారు నమూనా నట్లు చూచిరనియు నొక కథ. కథ ఎంతవఱకు నిజమైనను, లాగు సంగతి నిజము. అప్పటి బట్ట సాగునది కాదు. కావున రౌతు కూర్చుండుటకు, మోకాళ్ళు వంచుటకు తావుండునట్లు తొడల కడ బుట్టవలె వదలిరి. తావు లేనిదే స్వారి లేదని వారెఱుగుదురు. 1958లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ సాగుడు నూలు కనుగొన్న తరువాత ఆ బుట్ట క్రమముగా మాయమైనది. లాగు చర్మమువలె అంటుకొనినది. సౌకర్యమే, కాదనము. కాని బట్ట సాగును గదా యని కొలతలు తీయుట మానిరి. సాగిన బట్టకు మేర యున్నది. ఆ మేర దాటినవారికి అంగడిలో చోటు లేదు.

పుట్టినచోటికే పోవుదమని నారాయణగూడ సందులో నొక ముసలి దర్జీని ఆశ్రయించితిమి. షేర్వానీలు కుట్టుటలో ఆఱితేఱినవాడు. యౌవనమున దళాలవారికి దుస్తులు కుట్టెనట. లాగు అనగానే, "బిర్జీసా, మాస్టర్ సాబ్?" అని కన్నులు విప్పెను. మా పిల్లను నిలువబెట్టి కొలుచునేమో యనుకొంటిమి. అట్లు చేయలేదు. బల్లమీద దుప్పటి మడతవేసి, "నిలబడి కొలిస్తే అది నిలబడే లాగే అయితది. కూర్చో బేటీ, గుర్రం మీద లెక్క కూర్చో" అనెను. ఆయన కోడలు టేపు పట్టినది. ఆయన అటు తిరిగి అంకెలు వ్రాసికొనెను. నడుము, పిరుదులు, తొడ రెండు చోట్ల, వంచిన మోకాలు, పిక్క, చీలమండ. ముందరి నడుమునుండి కాళ్ళ నడుమగా వెనుకటి నడుము వఱకు మఱియొక కొలత. ఇదియే ప్రాణమనెను. ఇది కుఱుచయైనచో ముందుకు వంగినపుడు వెనుక లాగు జాఱును. లావాటివారికి అంగళ్ళలోని లాగులందు తప్పునది సాధారణముగా నీ కొలతయే. నడుమును పెంతురు గాని దీనిని తగినంత పెంపరు.

మేము చూచి నేర్చుకొన్నవి మఱికొన్ని గలవు. తొడ లోపలివైపు మందమైన కుట్టు ఉండరాదు. జీను మీద గంటసేపు ఒఱసికొన్న తోలు ఊడును. లావాటి తొడలకు ఆ బాధ యినుమడి. దర్జీ ఆ కుట్టును వెనుకకు జరిపి, మోకాళ్ళ లోవైపున మెత్తని తోలు అతికెను. వెనుక నడుము పట్టీని రెండంగుళములు ఎత్తు చేసెను. ఇరువైపుల కుట్టు లోపల అంగుళము బట్ట మిగిల్చెను. పిల్ల పెరిగినను తరిగినను విప్పి కుట్టవచ్చును. పొడవాటి కుర్తా జీనుమీద చిక్కుకొనును గనుక తుంటి వఱకే యుండు చొక్కా కుట్టెను. అది చూచి మా అక్కగారు ఆడపిల్లకు ఇదేమి వేషమని ఫోనులో అరగంట మాటలాడినది. పడిపోవుటకంటె వేషము మేలని మేము అరనిమిషములో సమాధానము చెప్పితిమి.

ఇక బూట్లు. ఇది కష్టతరమైన పని. సిద్ధముగా అమ్ము పొడవు బూట్ల పిక్క చుట్టుకొలత చాలవఱకు 40 సెంటీమీటర్ల లోపలనే యుండును. మా పిల్లది 44. విదేశములందు వెడల్పు పిక్కల బూట్లు ప్రత్యేకముగా చేయుదురు. వానిని తెప్పించుకొన మా జీతము ఒప్పదు. చిక్కడపల్లిలో చెప్పులు కుట్టు పెద్దయొకడు రోడ్డు ప్రక్కన గొడుగు క్రింద కూర్చుండును. ఆయన సాయంకాలము రమ్మనెను. ప్రొద్దుటినుండి నిలిచి నడచిన కాలు సాయంత్రమునకు కొంచెము ఉబ్బును. ఆ కొలతకే కుట్టవలెను. కుర్చీలో కూర్చుండబెట్టి, పాదము నేలకు సమముగా ఆనించి, పిక్కను రెండు చేతులతో పట్టి చూచి, "పిక్క గట్టిగున్నది బిడ్డా. గుర్రం ఇసుంటి కాలు మాటనే ఇంటది" అనెను. అన్ని వారములలో ఆ పిల్ల మొగమున నవ్వు అప్పుడు చూచితిమి.

ఇచ్చట నొక్క మాట. మా తాతగారి కాలమున ఆయనవంటివాని చేయి తగిలినచో మా యింట స్నానము చేసెడివారు. కాలిని తాకక బూటు కుట్టుట యెట్లో ఆ పెద్దలెవ్వరు చెప్పలేదు. పాదుకలకు పట్టము గట్టిన కథను కన్నీళ్ళతో చదువుకొనిన జాతి, పాదుకలు కుట్టినవానిని ఊరి వెలుపల నుంచినది. శరీరమును చూచి సిగ్గుపడుటయు, శరీరమును కొలిచి తోలు కుట్టువానిని దూరముంచుటయు ఒక్క చెట్టు కొమ్మలే యని మా నమ్మకము.

ఆయన పొడవు బూట్లు కుట్టనని స్పష్టముగా చెప్పెను. అంత పెద్ద తోలు ముక్కను పిక్కకు వంచు మూస తన కడ లేదట. దానికి బదులు చీలమండ దాటు కుఱుచ బూట్లు, అంగుళము మడమతో కుట్టెను. మడమ లేనిచో పాదము అంకవన్నెలో నుండి జాఱి చిక్కుకొనును. అడుగున పెద్ద గాడులు లేని తోలు వేసెను. పిక్కకు వేఱుగా తోలు తొడుగు చేసి, వెనుక సాగుడు పట్టీ, వెలుపలివైపు మూడు బకిళ్ళు పెట్టెను. బకిళ్ళు లోవైపున నున్న గుఱ్ఱమును గీయును. ఈ రెండు ముక్కల పద్ధతి క్రొత్తది కాదు. పూర్వపు సిపాయిలు బూట్ల పైన మోకాటి వఱకు బట్ట చుట్టెడివారు. మన 'పట్టీ'నే ఆంగ్లేయులు తమ నిఘంటువున కెక్కించుకొని మొదటి ప్రపంచ యుద్ధములో తమ సిపాయిల కాళ్ళకు చుట్టిరి. చుట్టిన బట్టకు కొలతల పట్టిక లేదు. సన్నని పిక్కకు నాలుగు చుట్లు ఎక్కువ, లావాటి పిక్కకు తక్కువ.

మఱల ఆదివారము బడికి పోతిమి. లాగు నప్పినది, బూట్లు నప్పినవి. అప్పుడు అంకవన్నె తప్పినది. క్రొత్త బూటు వెడల్పు గనుక పాదము ఇనుములో బిగిసినది. బూటునకు ఇరువైపుల అరంగుళమైనను ఖాళీ యుండవలెను. లేనిచో పడినపుడు పాదము ఊడిరాక గుఱ్ఱము మనుష్యుని ఈడ్చుకొనిపోవును. గురువు చూచి ఆమెను ఆనాడు ఎక్కనీయలేదు. ఈ మాఱు పిల్ల పరీక్షల మాట ఎత్తలేదు. "ఎంత వెడల్పుది కావాలి సార్?" అని అడిగి, బూటు అడుగును తానే కొలిచి అంకె వ్రాసియిచ్చినది.

"రౌతు మెత్తనైన గుఱ్ఱము మూడు కాళ్ళమీద నడచు"నని మన సామెత. ఆ మెత్తదనము ఒంటిది కాదని గురువుగారికి తెలిసినట్లున్నది. బడిలో మఱి నలుగురు భారీ మనుష్యులు గలరట. ఇద్దఱు పెద్దవారు, ఇద్దఱు పిల్లలు. వారు ఇన్నాళ్ళు ఇంటి పైజామాలతో, జాఱు బూట్లతో ఎక్కుచుండిరట. వారికి దర్జీ చిరునామా యిచ్చితిమి. బడివారే పెద్ద కొలతల తొడుగులు నాలుగు జతలు కుట్టించి యుంచినచో క్రొత్తవారు మొదటి దినమే వెనుదిరుగకుందురని చెప్పితిమి. తొడుగుల సంగతి ఆలోచింతుమనిరి. పెద్ద అంకవన్నెలు రెండు జతలు కాన్పూరునుండి వచ్చినవని మొన్న శుక్రవారము కబురు చేసిరి.